స్కాట్లండ్ గోడ మీద మా సరంగు పేరు

ఫిషరీస్ డిపార్ట్‌మెంట్‌లో కొత్తగా చేరిన పిల్లలు ఇద్దరు ఆమధ్య మా ఇంటికి వచ్చి, "మీ సర్వీసులో మర్చిపోలేనిది ఏదైనా చెప్పండి మేడమ్" అని అడిగారు. తుపాను సంగతులు చెబుతాననుకున్నారు. తుపానులు అందరూ చూస్తారు, మీరూ చూస్తారు. నేను చెప్పింది ఒక రాయి సంగతి. అది విన్నాక వాళ్ళు కాఫీ ముట్టుకోలేదు. మిగతావాళ్ళకి కూడా తెలియాలని ఇలా రాసి పెడుతున్నాను.

తొంభైల చివర్లో నన్ను ఉప్పాడ అవతల ఉన్న ఒక చిన్న రేవుకి ఫీల్డ్ అసిస్టెంటుగా వేశారు. ఆడమనిషిని రేవుకి వెయ్యడమేంటని ఆఫీసులో గుసగుసలాడుకున్నారు. రేవులో గుసగుసల్లేవు, మొహం మీదే అడిగారు. వలల సబ్సిడీ కాగితాలు చూడడం, ఎండుచేపల ఆడవాళ్ళతో సంఘాలు పెట్టించడం నా పని. నేను వెళ్ళేసరికి ఆ ఊరు పెద్ద తుపానుకి దెబ్బ తిని రెండేళ్ళయింది. వేటకి వెళ్ళినవాళ్ళు చాలామంది తిరిగి రాలేదు. ఆ తుపాను గురించి నా ముందు ఎవరూ మాట్లాడేవారు కాదు, నేనూ అడిగేదాన్ని కాదు.

ఊరి మొదట్లో ఒక నీలం బోర్డు ఉండేది. దానిమీద మా రేవు పేరు, కింద ఇంగ్లీషులో ఇంకో ఊరి పేరు, మధ్యలో రెండు చేపల బొమ్మ. ఆ రెండో ఊరు స్కాట్లండులో సముద్రం ఒడ్డున ఉంది. ఎప్పుడో అక్కడినుంచి ఒక మెకానిక్ ఇంజిన్ బోట్లు బాగుచెయ్యడం నేర్పడానికి వచ్చి, మా రేవులో ఏడాది పైగా ఉన్నాడట. తిరిగి వెళ్ళాక తన ఊళ్ళో మా రేవు గురించి చెప్పి చెప్పి, రెండు ఊళ్ళకీ చుట్టరికం కలిపాడు. ఏ ప్రభుత్వమూ సంతకం పెట్టలేదు. క్రిస్మస్‌కి వాళ్ళు ఫొటోలూ ఉన్ని టోపీలూ పంపేవారు. మనవాళ్ళు ఆ టోపీలు మే నెలలో కూడా తియ్యకుండా తిరిగేవారు. బదులుగా ఒకసారి ఎండు మెత్తళ్ళు పార్సిలు చేశారు. అది ఎక్కడిదాకా వెళ్ళిందో తెలియదు గానీ, అప్పటినుంచి మా ఊరి పార్సిలంటే పోస్టాఫీసులో ముందు వాసన చూసేవారు.

ఈ చుట్టరికానికి మా వైపు పెద్ద, రిటైరైన హెడ్మాస్టారు ఒకాయన. ఉత్తరాలన్నీ ఆయనే రాసేవారు. మంచి మనిషి. మైకు కనిపిస్తే మాత్రం వదలలేరు.

నేను చేరిన ఏడాదే, సంక్రాంతి వెళ్ళిన తర్వాత, అక్కడినుంచి నలుగురైదుగురు మా ఊరు చూడడానికి వస్తున్నారని కబురు వచ్చింది. సామర్లకోటలో రైలు దిగారు. వాళ్ళకి పెద్ద ఒక ముసలావిడ. పొడుగ్గా, ఎముకల గూడులా ఉన్నా గట్టి మనిషి. జీవితమంతా చేపల ఫ్యాక్టరీలో చేపలు కోసి రిటైరయింది. మా ఎండుచేపల ఆడవాళ్ళ చేతులు పట్టుకుని తిప్పి చూసి, తన అరచేతిలో కోతల గుర్తులు చూపించింది. ఆ క్షణం నుంచి వాళ్ళకి నా అనువాదం అవసరం పెద్దగా లేకపోయింది.

సాయంత్రం స్కూలు ఆవరణలో సభ. ప్రహరీ గోడ సముద్రం తీసుకుపోయింది కాబట్టి జనానికి చోటు బాగానే ఉంది. మామూలుగానే కరెంటు పోతే, మా ఊరి సరంగు ఒకాయన జనరేటరు తెచ్చి వెనక పెట్టి నడుపుతున్నాడు. సరంగు అంటే బోటు నడిపే మనిషి, బోటులో పనిచేసే కలాసీలకి పెద్ద. నాకు ఆయన సరంగుగారుగానే తెలుసు. ఆయన భార్య మా ఎండుచేపల సంఘానికి లీడరు.

ముసలావిడ మైకు ముందుకు వచ్చింది. నేను పక్కన నిలబడి తెలుగులో చెబుతున్నాను. "మా ఊరి రేవు గోడలో ఒక నల్లరాయి ఉంది. సముద్రంలో పోయినవాళ్ళ పేర్లు దానిమీద చెక్కుతాం. నా భర్త పేరు దానిమీదే ఉంది. మీ తుపాను కబురు తెలిశాక మా ఊరంతా కూడి ఒక మాట అనుకున్నాం. మీవాళ్ళు మాకు బయటివాళ్ళు కారు. అందుకని వాళ్ళ పేర్లు కూడా మా రాతి మీద చెక్కించాం." ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆవిడ ఒక చుట్ట విప్పింది. రాతి మీద కాగితం పెట్టి బొగ్గుతో రుద్ది తీసిన అచ్చు. నల్లటి కాగితం మీద తెల్లగా ఇంగ్లీషు అక్షరాలు. చదవమని నాకిచ్చింది.

ఒక్కో పేరూ చదువుతుంటే ఒక్కో మూల నుంచి ఏడుపు లేస్తోంది. నేను ఆగుతున్నాను, మళ్ళీ చదువుతున్నాను. అలా సగం దాటాక ఇంకో పేరు చదివాను. ఏడుపు రాలేదు. వెనక జనరేటరు దగ్గర్నుంచి ఒక మగ గొంతు వినిపించింది.

"ఆయ్."

పిలిస్తే పలికాడు, అంతే. ఏదో పని చెప్పడానికి పిలిచాననుకుని చేతులు తుడుచుకుంటూ స్టేజీ వైపు రెండడుగులు వేశాడు కూడా. జనమంతా వెనక్కి తిరిగి ఆయన వంక చూశారు, తర్వాత కాగితం వంక చూశారు. సర్వీసులో శవాలు చూశాను, పగిలిన బోట్లు చూశాను. ఇలా బతికున్న మనిషిని చచ్చినవాళ్ళ వరసలో పిలవడం, ఆ మనిషి పలకడం ఎన్నడూ చూడలేదు.

ఏం జరిగిందో ముసలావిడకి అర్థం కాలేదు. "ఎవరతను?" అని అడిగింది. చెప్పాను. ఆవిడ స్టేజీ మీద కుర్చీ వెతుక్కుని కూర్చుంది. సరంగు భార్య ఎవరి వంకా చూడకుండా పైకి వచ్చి, నా చేతిలో కాగితం తీసుకుని, చుట్ట చుట్టి బల్ల మీద పెట్టి, మొగుణ్ణి చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకుపోయింది. జనరేటరు ఆపేవాళ్ళు లేక అలాగే మోగుతూ ఉండిపోయింది.

హెడ్మాస్టారు నా దగ్గరికి వచ్చి తల పట్టుకున్నారు. "పేర్లు నేనే పంపానమ్మా. అప్పుడు అతను కూడా లేడనే అనుకున్నాం." తుపానులో బోటు పోయాక సరంగు ఒక చెక్క పట్టుకుని కొట్టుకుపోయాడట. ఏదో ఓడవాళ్ళు తీసి పారాదీప్‌లో దింపితే, అక్కడ ఆస్పత్రిలో జ్వరంతో తన ఊరు కూడా చెప్పలేక పడున్నాడట. నెలన్నర తర్వాత ఊళ్ళోకి నడిచి వచ్చాడు. ఆ నెలన్నరా ఇంటివాళ్ళు దినాలు చేసేద్దామన్నారు, గాజులు తీసెయ్యమన్నారు. ఆ భార్య ఒప్పుకోలేదు. "శవం చూపించండి, అప్పుడు తీస్తాను" అందట.

"మరి తిరిగొచ్చాక వాళ్ళకి ఎందుకు రాయలేదు మాస్టారూ?" అన్నాను.

"ఆ రోజు ఊరంతా స్వీట్లు పంచుకున్నామమ్మా. చావు కబురైతే రాస్తాం. బతికొచ్చాడని రాయాలని ఎవరికి తోస్తుంది?"

నాకు కోపం వచ్చింది గానీ, ఆలోచిస్తే నాకూ తోచేది కాదు.

మర్నాడు పొద్దున్న రేవులో బోట్లన్నీ కదిలాయి, సరంగు బోటు ఒక్కటీ కదల్లేదు. కలాసీలు గట్టు మీద కూర్చున్నారు. ఏంటని అడిగితే వాళ్ళలో పెద్దవాడు లేచి నిలబడి చెప్పాడు. "మాకు ఆయన మీద కోపం లేదండి. అలాంటి సరంగు దొరకడు. కానీ పోయినోళ్ళ వరసలో పేరున్నాక సంద్రం ఎప్పుడో ఒకప్పుడు పిలుస్తాది గదండి. అప్పుడు ఆయన పక్కనుండేది మేమే గదా." బోటు ఓనరు కూడా వేరే సరంగుని వెతుక్కుంటున్నాడని ఇంకొకడు చెప్పాడు. సరంగు బోటు అంచున కూర్చుని తాడు ముడి వేస్తూ, విప్పుతూ ఉన్నాడు. ఆయనకి వేరే పని రాదు.

భార్య నన్ను వెతుక్కుంటూ హెడ్మాస్టారి ఇంటికి వచ్చింది. అతిథులు అక్కడే ఉన్నారు. "మేడంగారండి, ఆ పేరు తీసెయ్యమనండి. ఊరంతా తియ్యమన్నా గాజులు తియ్యలేదు నేను. ఎవరో ఎక్కడో తీసేసినట్టయింది."

కలాసీలు బోటెక్కనంటున్న సంగతితో సహా ముసలావిడకి చెప్పాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. "చెక్కిన పేరు చెరపడం మా ఊళ్ళో లేదు. చెరిపితే ఆ మనిషిని రెండోసారి ముంచినట్టు. మా తాతల నాటి నుంచీ ఒక్క పేరూ చెరపలేదు."

"ఇక్కడ మొదటిసారి ఎవరు మునిగారో అడగండి ఆవిణ్ణి," అంది సరంగు భార్య.

మెత్తగా మార్చి చెప్పవచ్చు. నేను మార్చలేదు, ఉన్నదున్నట్టు చెప్పాను. ముసలావిడ మొహం ఎర్రబడింది. లేచి నిలబడి, "అతని పక్కన ఉండడానికి వాళ్ళకి భయమైతే నేనుంటాను. నన్ను అతని బోటు ఎక్కించు" అంది.

మా రేవులో వేట బోటు ఆడవాళ్ళు ఎక్కరు. వల మీదుగా దాటనివ్వరు కూడా. ఆ సంగతి చెప్పాను. ఆవిడ అప్పటికే చెప్పులు విప్పింది. "నేనూ ఎల్తాను" అంది సరంగు భార్య. ఇక ఇద్దరికీ మధ్య మాట చెప్పడానికి మనిషి కావాలని అందరూ నా వంక చూశారు. ఫిషరీస్ ఉద్యోగుల్లో సముద్రంలోకి వెళ్ళినవాళ్ళు ఎంతమందో మీరు మీ ఆఫీసులో అడిగి చూడండి.

సరంగు ఇంజిన్ తిప్పాడు. గట్టు మీద ఊరంతా నిలబడి చూస్తోంది. ఉప్పుటేరు దాటి అలల్లోకి వచ్చేసరికి నేను బోటు అంచు పట్టుకుని వాంతి చేసుకుంటున్నాను. ముసలావిడ మాత్రం చుక్కాని పక్కన నిటారుగా కూర్చుంది. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి. ఉప్పుగాలికనుకున్నాను. "మా ఆయన పోయాక నేను మళ్ళీ బోటెక్కలేదు" అంది నాతో. "ఇదే ఎక్కడం." ఆ మాట సరంగు భార్యకి చెప్పాను. ఆవిడ జరిగి, ముసలావిడ వెనక నుంచి నడుం చుట్టూ చెయ్యి వేసి గట్టిగా పట్టుకుంది. తిరిగి ఒడ్డుకి వచ్చేదాకా ఆ చెయ్యి తియ్యలేదు. వచ్చేటప్పుడు చిన్న వల ఒకటి వేస్తే రెండు మంచి వంజరాలు పడ్డాయి.

గట్టు ఎక్కాక, పొద్దున్న మాట్లాడిన ముసలి కలాసీ చేపల వంకా, మా వంకా మార్చి మార్చి చూశాడు. తలపాగా తీసి మళ్ళీ చుట్టుకుని తేల్చి చెప్పాడు. "ముగ్గురు ఆడోళ్ళు, ఒక చచ్చినోడు. ఇంతకన్నా చెడ్డ బోటు ఉండదు. అయినా సంద్రం ముట్టుకోలేదంటే ఈడి లెక్క సంద్రానికి ఎప్పుడో తీరిపోయిందన్నమాట. ఒకసారి పేరు రాయించుకున్నాడు, ఇంక పిలవదు." ఆ మాట మధ్యాహ్నానికి ఊరంతా పాకింది. రెండోరోజు అదే కలాసీలు అదే బోటు ఎక్కారు. అతిథులు వెళ్ళిపోయే నాటికి, ఆ బోటులో చోటు కోసం పక్క బోట్లవాళ్ళు కూడా అడగడం మొదలుపెట్టారు.

నన్ను అడిగితే, ముందు రోజు భయమూ నమ్మకమే, తర్వాతి రోజు ధైర్యమూ నమ్మకమే. ఇంజిన్ పాతదే, సముద్రం పాతదే. కానీ నన్నెవరూ అడగలేదు. మూడు నాలుగేళ్ళు ఆ సరంగు రాజులా బతికాడు. రాత్రి వేటకి వెళ్ళేటప్పుడు పడుచు కలాసీలు ఆయన భుజం ముట్టుకుని ఎక్కేవారు. భార్య కూడా ఆ రాయి మాట ఎత్తడం మానేసింది.

ఈ మాట ఎవరూ ఆ ఊరికి రాయలేదు. గమనించారా? మళ్ళీ అదే తప్పు. చెడితే రాస్తాం, బాగుపడితే రాయం.

ఒకరోజు హెడ్మాస్టారు ఎగిరి గంతేస్తూ నా ఆఫీసుకి వచ్చారు. ఒక పెద్ద కవరు వచ్చింది. ముసలావిడ ఊరికి తిరిగి వెళ్ళినప్పటి నుంచీ సరంగు భార్య మాట పట్టుకుని పోరాడుతూనే ఉందట. ఊరివాళ్ళు ఏళ్ళ తరబడి వాదించుకుని, చివరికి ఓట్లు వేసి, తాతల నాటి కట్టు మొట్టమొదటిసారి తప్పి, ఆ పేరు చెక్కేసి తీసేశారు. ఫొటో పంపారు. నల్లరాతి మీద అక్షరాల వరసల మధ్య ఒక నున్నటి గుంట. చుట్టూ ఊరంతా నిలబడి నవ్వుతున్నారు. ముసలావిడ గుంట మీద చెయ్యి వేసి నిలబడింది.

ఫొటో తిరగేసి బల్ల మీద పెట్టాను. "మాస్టారూ, ఇది ఎవరికీ చూపించకండి" అన్నాను.

"చూపించకండేంటమ్మా? మైకువాడికి చెప్పేశాను కూడా."

మళ్ళీ అదే స్కూలు ఆవరణ. ఈసారి ఫొటో పెద్దది చేయించి బల్ల మీద నిలబెట్టారు. హెడ్మాస్టారు శుభవార్త అంటూ అంతా చెప్పి చప్పట్ల కోసం ఆగారు. ఒక్క చెయ్యీ కదల్లేదు. సరంగు స్టేజీ దగ్గరికి వచ్చి, ఆ గుంటని దగ్గరగా చూశాడు. వేలితో తడిమాడు. తర్వాత మెట్టు మీద కూర్చున్నాడు.

"అంటే మేడంగారండి, సంద్రానికి నేను మళ్ళీ కొత్తోణ్ణేనా?"

అంత మంచి మనసుతో అంత దూరం నుంచి ఒక మనిషి కాళ్ళు విరగ్గొట్టడం నేను అక్కడే చూశాను.

మర్నాటి నుంచి కలాసీలు బోటెక్కలేదు. ఈసారి వాళ్ళు ఎక్కినా సరంగు ఎక్కేవాడు కాదు. నాలుగేళ్ళుగా లేని భయం అంతా ఒకేసారి వచ్చి మీద పడింది. ఒడ్డున కూర్చునేవాడు. వలలు బాగుచెయ్యమంటే సూది పట్టుకుని అలాగే ఉండిపోయేవాడు. నేను ఐస్ ప్లాంటులో వాచ్‌మన్ పని ఇప్పించాను. రెండు వారాలు చేసి మానేశాడు.

వర్షాకాలం మొదలయ్యే ముందు ఒక సాయంత్రం ఆయన భార్య మా ఇంటికి వచ్చింది. నడవాలో కింద కూర్చుంది. కుర్చీ వేసినా ఎక్కలేదు.

"మళ్ళీ చెక్కించమనండి" అంది.

సరిగ్గా వినలేదేమోనని, ఏంటన్నాను. మళ్ళీ అదే మాట అంది.

"మతి ఉండే మాట్లాడుతున్నావా? మొగుడి పేరు చచ్చినవాళ్ళ రాతి మీద చెక్కించమని పెళ్ళామే అడుగుతుందా? నువ్వే కదా తియ్యమంది" అని అరిచాను. నిజంగానే అరిచాను, పక్కింటివాళ్ళు తలుపు తీసి చూశారు.

"నేనే అన్నానండి. అప్పుడు ఆయన్ని సంద్రం నుంచి కాపాడుకుందామనుకున్నాను. ఇప్పుడు ఒడ్డు తినేస్తంది ఆయన్ని. అన్నం కలుపుతాడు, అలాగే లేస్తాడు. రాత్రుళ్ళు చెయ్యి చుక్కాని తిప్పినట్టు తిప్పుతా ఉంటాడు. పక్కన పడుకునేదాన్ని నేను గదండి, నాకు తెలుస్తాది." "ఆ ముసలమ్మకి రాయండి. ఆవిడకి అర్థమవుతాది."

ఆ ఉత్తరం రాయడానికి నాకు వారం పట్టింది. ఊరంతా ఓటు వేసి, తాతల కట్టు తప్పి చేసిన మేలుని వెనక్కి తీసుకోమని ఏ భాషలో అడుగుతారు? వాళ్ళు ఇక మా మొహం చూడరనుకున్నాను. ఆ నీలం బోర్డుకి అదే ఆఖరనుకున్నాను. ఏమైతే అయిందని జరిగినదంతా ఉన్నదున్నట్టు రాసి పోస్టు చేశాను. కలాసీ చెప్పిన మాట కూడా రాశాను.

చాలా నెలలు జవాబు లేదు. క్రిస్మస్‌కి టోపీలు రాలేదు. హెడ్మాస్టారు నాతో మాట్లాడడం తగ్గించేశారు. సంక్రాంతి వెళ్ళాక ఒక కవరు వచ్చింది, నా పేరు మీద. లోపల ఒక్కటే ఫొటో. ఆ గుంటలోనే, ఇంకా లోపలికి, మా సరంగు పేరు కొత్తగా తెల్లగా మెరుస్తోంది. చుట్టూ ఈసారి ఎవరూ లేరు, ముసలావిడ ఒక్కతే నిలబడి ఉంది. ఫొటో వెనక ఆవిడ చేతిరాతతో ఒక్క ముక్క ఉంది: "ఈసారి లోతుగా చెక్కించాను."

నడవాలో నిలబడి గట్టిగా నవ్వాను, ఆ తర్వాత కూర్చుని ఏడ్చాను. సభలూ మైకులూ ఏమీ పెట్టనివ్వలేదు. తిన్నగా సరంగు ఇంటికి వెళ్ళి ఫొటో చేతికిచ్చాను. ఆయన దాన్ని దీపం దగ్గర పెట్టి, ముఖం కడుక్కుని, చొక్కా వేసుకుని రేవు వైపు నడిచాడు.

రిటైరైన ఏడాది ఒకసారి ఆ ఊరు వెళ్ళాను. స్కూలు లేదు, సముద్రం తీసుకుంది. నీలం బోర్డుని ఇంకా లోపలికి జరిపి పాతారు. హెడ్మాస్టారూ లేరు, స్కాట్లండు ముసలావిడా లేదు. ఆవిడ ఒంట్లో బాగోక మంచం మీద పోయిందట, కాబట్టి ఆవిడ పేరు ఆ రాతి మీదకి ఎక్కలేదు. సరంగు వేటకి వెళ్ళాడు. ఆయన భార్య ఒడ్డున చేపలు ఆరేస్తోంది. బాగా ముసలిదైపోయింది. బోటు రావడం ఆలస్యమైందని నాకే కంగారుగా ఉండి, "భయం వెయ్యదా?" అని అడిగాను.

ఆవిడ తడి చేతులు కొంగుకి తుడుచుకుని, ముంజేతులు రెండూ నా ముందు చాపి గాజులు గలగలలాడించింది.

"ఆ రాయి ఉన్నన్నాళ్ళూ వీటికేం కాదండి."